జాబితాలో లేని గొంతు

ఆ ముద్రణాలయంలో తయారయ్యే పుస్తకాలకు సిరా అక్కర్లేదు. మందపాటి కాగితం మీద చుక్కలు ఉబ్బెత్తుగా లేస్తాయి. చూపులేని వాళ్ళు వేలికొసలతో తడిమి చదువుకుంటారు. కింది అంతస్తులో చుక్కలు గుద్దే యంత్రాలు రెండు, బైండింగు బల్లలు, వెనకగా పార్సిళ్ళ గది. పై అంతస్తులో పద్నాలుగు కంప్యూటర్లు. ఆ పద్నాలుగూ అద్దాల గదిలో ఉన్న ఒకే పెద్ద మెషిన్‌కి కట్టేసిన దూడల్లాంటివి. దాని పాలే తాగాలి, అది పడుకుంటే ఇవీ పడుకోవాలి. ఆ అద్దాల గది తాళం సిస్టమ్స్ చూసే అతని దగ్గర ఉండేది.

అతనికి ఆ ఉద్యోగం ఇప్పించింది వదిన. అప్పటికింకా వదిన కాదు. ఏడేళ్ళుగా అక్కడ ప్రూఫులు దిద్దుతున్న మనిషి. పుట్టుగుడ్డి. ఒకరోజు ఆమె హెడ్‌ఫోన్ల తీగ తెగితే అతికించడానికి పక్కవీధి రిపేరు దుకాణం నుంచి ఇతను వచ్చాడు. పావుగంటలో పని ముగించి, అడక్కుండానే రెండో చెవిలో గరగర కూడా పోగొట్టాడు. "చేతిలో పనుంది, నోట్లో మాట లేదు. ఇలాంటివాడే మా ఆఫీసుకి కావాలి" అని ఆమే మేనేజరు దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఏడాది తిరక్కుండా తన చెల్లెల్నీ ఇచ్చి చేసింది. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. వెనక గది వదినది. రోజూ సాయంత్రం ఆమె అతని మోచేయి పట్టుకుని ఇంటికి నడిచేది.

వదిన పని చూడముచ్చటగా ఉండేది. తెర మీది అక్షరాల్ని చదివి చెవిలో వినిపించే ప్రోగ్రాం ఒకటి ఆమె మెషిన్లో ఉండేది. ఆ గొంతుని ఆమె ఎంత వేగంగా పరిగెత్తించేదంటే, వేరేవాళ్ళు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే కందిరీగల రొదలా వినిపించేది. చెవిలో గొంతు, వేళ్ళ కింద చుక్కలు. రెండూ కలవని చోట ఆగి "ఇదిగో దొంగ" అనేది. తప్పు దొరికేది.

ఆమె నోరు కూడా అంతే వేగం. "మా మరిదికి తాళాలంటే ఎంత ప్రీతంటే, దాహమేసి మంచినీళ్ళ సీసా ఎత్తినా ముందు పాస్‌వర్డు అడుగుతాడు" అనేది నలుగురిలో. టైపిస్టులు పడీ పడీ నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. వదినా మరుదుల మధ్య మాటలకేం, మామూలే అనుకునేవారందరూ. ఆ నవ్వులన్నీ అతని కడుపులో ఎక్కడో ఒకదాని మీదొకటి పేరుకుంటున్నాయని ఎవరికీ తెలియదు. కొన్నాళ్ళు అతనికీ తెలియలేదు.

తెలిసింది ఏడో తరగతి లెక్కల పుస్తకం పోయిన రోజున.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు కిందికి దిగారు. పెద్ద మెషిన్లో చోటు నిండిపోయిందని అతనొక్కడే పైన కూర్చుని పాత ఫైళ్ళు తుడుస్తున్నాడు. తుడిచే ఆజ్ఞ పొరపాటున లెక్కల పుస్తకం ఉన్న ఫోల్డరు మీద ఇచ్చేశాడు. తప్పు తెలియడానికి నాలుగు సెకన్లు పట్టింది. అప్పటికి ముగ్గురు టైపిస్టులు మూడు నెలలు కొట్టిన పుస్తకం గాలికి పోయింది. అదనపు ప్రతి తీయాల్సిందీ అతనే. నాలుగు నెలలుగా తీయలేదు. కుర్చీ వెనక్కి నెట్టి, కిటికీ దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. అందరూ పైకి రాగానే దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు, "ఎవరండీ లెక్కల ఫోల్డర్లో చెయ్యి పెట్టింది?" అని అతనే ముందు గొంతెత్తాడు.

మేనేజరు వచ్చాడు. టైపిస్టులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకమ్మాయి ఏడ్చేసింది. అప్పుడు వదిన తన కుర్చీలోంచి తల తిప్పకుండా అంది: "ఎలకేమో సార్. మేం కింద తింటుంటే పైన కుర్చీ చక్రాలు కిర్రుమన్నాయి. ఈ కాలం ఎలకలు కుర్చీలెక్కి కూర్చుంటాయి మరి."

అందరూ గొల్లుమన్నారు. మేనేజరుకి అర్థం కాలేదు. అతనికి మాత్రం అరికాళ్ళ నుంచి వేడి ఎక్కింది. ఆ సాయంత్రం ఆమె ఎప్పటిలాగే మోచేయి పట్టుకుని నడిచింది. ఎండ గురించి, చెల్లెలి దగ్గు గురించి మాట్లాడింది. ఎలక మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది. జాలిపడి వదిలేసిందన్నది అతనికి మింగుడు పడలేదు.

మర్నాడు మేనేజరు అతన్ని పిలిచాడు. "ఇదేం సత్రమా? ఎవడుబడితే వాడు ఎక్కడబడితే అక్కడ దూరడానికి? ఎవరి గిరి వాళ్ళకి గీసెయ్. గిరి దాటితే మెషినే ఆపాలి."

"చేస్తానండీ. ఒక్కొక్కళ్ళకి ఒక అకౌంటు. వాళ్ళ ఫోల్డరు తప్ప వేరేది కనపడదు. జాబితాలో ఉన్న ప్రోగ్రాం తప్ప వేరేది నడవదు."

"అదే కావాలి. కాగితం మీద పెట్టు, సంతకం చేస్తా."

మూడు రోజులు కూర్చుని చేశాడు. నిజం చెప్పాలంటే చక్కగా చేశాడు. టైపిస్టులు తమ పుస్తకం వరకే, అదీ రాయడానికే, తుడిచే వీల్లేదు. అచ్చు వేసేవాళ్ళు చదవడానికే. మేనేజరు అన్నీ చూడొచ్చు, దేన్నీ ముట్టుకోలేడు. పద్నాలుగు పేర్లు, ఒక్కో పేరు కింద ప్రోగ్రాములు. వదిన పేరు దగ్గరికి వచ్చాడు. దిద్దే ప్రోగ్రాం రాశాడు. పేజీలు తిప్పే ప్రోగ్రాం రాశాడు. మూడోది, చదివి వినిపించే గొంతు. అక్కడ కలం ఆగింది.

ఆ ప్రోగ్రాం ఆఫీసు కొన్నది కాదు. అంధుల బడి మాస్టారొకాయన ఎప్పుడో ఆమెకు ఇచ్చినది. లైసెన్సు కాగితం లేదు. రూలు ప్రకారం జాబితాలోకి రాదు. వెతికితే కారణానికేం కరువు? అతను గీత గీసి తరవాతి పేరుకి వెళ్ళాడు. మేనేజరు చూడకుండానే సంతకం పెట్టాడు.

సోమవారం పొద్దున వదిన హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. తీసి దులిపింది. మళ్ళీ పెట్టుకుంది.

"మరిదీ, ఓసారి ఇటు రా. తీగ పోయినట్టుంది."

అతను అద్దాల గదిలోంచి వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. "తీగ బాగానే ఉంది వదినా. ఆ ప్రోగ్రాం జాబితాలో లేదు. అందుకని మెషిన్ ఆపేస్తోంది."

"లేకపోతే చేర్చు."

"నా చేతిలో ఏముంది? రూలు. అర్జీ పెట్టుకో."

"ఎక్కడ పెట్టాలి?"

"మెషిన్లోనే. తెర మీద ఫారం ఉంటుంది. ఎవరి అకౌంటు నుంచి వాళ్ళే నింపాలి."

వదిన ఫక్కున నవ్వింది. "అంటే తెర కనబడని దానికి తెర వినబడాలంటే, తెర మీద చూసి రాయాలన్నమాట. ఎవడ్రా నీకు ఈ తెలివి పెట్టింది?"

ఈసారి టైపిస్టులెవరూ నవ్వలేదు. గిరులు గీసినవాడు అక్కడే నిలబడి ఉన్నాడు మరి. ఆ నిశ్శబ్దం అతనికి వేసవిలో చల్లటి నీళ్ళు తాగినట్టుంది.

కింది నుంచి బైండరు తాత వచ్చి ఫారం చదివి పెట్టాడు. ముసలాయన కూడబలుక్కుంటూ, "ఇక్కడ కారణం రాయమంటోందమ్మా" అన్నాడు. ఆమె చెప్పింది, ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. అర్జీ నేరుగా సిస్టమ్స్ చూసే అతనికే వచ్చింది. లైసెన్సు కాగితం జతచేయలేదని తిప్పి పంపాడు. ఆమె అంధుల బడి మాస్టారికి కబురు పెట్టి, తొమ్మిది రోజులకు ఉత్తరం తెప్పించింది. మూలప్రతి కాదు, నకలు అని మళ్ళీ తిప్పి పంపాడు.

ఎవరే ప్రయత్నం చేసినా మెషిన్ దాచుకుంటుంది. పొద్దున్నే టీ తాగుతూ అతను ఆ చిట్టా చదివేవాడు. మొదటి రోజు వదిన ఆ గొంతుని లేపడానికి ఇరవైమూడు సార్లు ప్రయత్నించింది. ఇరవైమూడు సార్లూ 'అనుమతి లేదు'. రెండో రోజు పదకొండు. వారం తిరిగేసరికి రోజుకి ఒక్కసారి, సరిగ్గా తొమ్మిదింటికి. తలుపు తట్టి, పలకకపోతే పోయే మనిషిలా. ఆ ఒక్కటీ చూస్తే అతనికి చిరాకు పుట్టేది. ఎందుకో చెప్పలేడు.

మేనేజరుకి అనుమానం రాకపోలేదు. "మీ వదినగారి పని మందగించిందేమయ్యా?" అని అడిగాడు.

"ఆవిడ వాడే ప్రోగ్రాంకి కాగితాలు లేవండీ. మా వదిన కదా అని నేను సడలిస్తే రేపు మిగతావాళ్ళు నా మొహాన ఉమ్మెయ్యరూ?"

మేనేజరు అతని భుజం తట్టాడు. "నీలాంటివాళ్ళు పదిమంది ఉంటే చాలయ్యా నాకు."

వదిన మాత్రం పని మానలేదు. ముందు చుక్కల ప్రతి తీయించుకుని వేళ్ళతో చదివేది. తప్పు దొరికితే, మీటలు లెక్కపెట్టుకుంటూ కిందికి ఇన్ని వరసలు, పక్కకి ఇన్ని అక్షరాలు అని జరుగుతూ దిద్దేది. వినబడదు, కనబడదు. గుర్తే ఆధారం. మూడు వారాలు ఒక్క తప్పు పోకుండా నెట్టుకొచ్చింది. నాలుగో వారం ఎవరో పిలిస్తే లెక్క తప్పింది. చరిత్ర పుస్తకంలో రెండు పేరాలు చెరిగిపోయాయి. చూసుకునే దారి లేక అలాగే సేవ్ చేసి పంపింది. నాలుగొందల ప్రతులు గుద్దాక బయటపడింది.

మేనేజరు అందరి ముందూ అరిచాడు. "పద్దెనిమిదేళ్ళ అనుభవం ఇదేనా? చేతకాకపోతే చెప్పొచ్చుగా!"

వదిన లేచి నిలబడింది. అద్దాల గది వైపు ఒకసారి మొహం తిప్పింది. అతను కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. చక్రాలు చప్పుడు చేస్తాయని.

"చేతకాలేదు సార్" అంది.

మర్నాటి నుంచి ఆమెను పార్సిళ్ళ గదికి వేశారు. పుస్తకాలు పేర్చడం, అట్టలు చుట్టడం, పురికొస ముడి వెయ్యడం. సాయంత్రాలు అతని మోచేయి కోసం చెయ్యి చాచడం మానేసింది. బైండరు తాత వీధి చివరి దాకా తోడు వచ్చేవాడు, అక్కడి నుంచి కర్రతో ఒక్కతే వచ్చేది. ఇంట్లో చెల్లెలు అడిగింది, "అక్క అంత ముంగిలా అయిపోయిందేమిటండీ?" అని. "పని ఎక్కువగా ఉంది" అన్నాడు అతను.

ఒక ఆదివారం చెల్లెలు బజారుకి వెళ్ళింది. అతను వెనక వాకిట్లో చెప్పులు తుడుచుకుంటున్నాడు. వదిన గోడ పట్టుకుంటూ వచ్చి మెట్టు మీద కూర్చుంది. పురికొస కోసుకుపోయి ఆమె వేళ్ళ చివర్లు పొరలుగా లేచి ఉన్నాయి.

"మరిదీ, వేళ్ళు మొద్దుబారిపోతున్నాయిరా. ఇంకో రెండు నెలలు పోతే చుక్కలు కూడా తెలియవు" అంది. "జాబితాలో ఒక్క వరస. నువ్వు తలుచుకుంటే నిమిషం పని."

అతను బ్రష్ ఆపాడు.

"ఆ రోజు ఎలక అన్నాను. అనకుండా ఉండాల్సింది. నా నోటిదూల. ఇంకెప్పుడూ నీ మీద మాట జారను. నలుగురిలో కాదు, ఇంట్లో కూడా. కావాలంటే మొక్కుతాను."

నిజంగానే చేతులు జోడించింది. అతను ఉన్న వైపుకి కాదు, కొంచెం పక్కకి, గోడ వైపుకి. అతను జరిగి ఆ చేతుల ముందుకి రాలేదు. అన్నేళ్ళుగా పేరుకున్న నవ్వులన్నీ ఒక్కసారి వాంతి అయిపోయినట్టు ఒళ్ళంతా తేలికపడింది. జాలి కూడా వేసింది. జాలిపడే వంతు తనకొచ్చిందని ఆ జాలి తియ్యగా ఉంది.

"రూలు వంచాలంటే నా ఉద్యోగానికే ముప్పు" అన్నాడు చివరికి. "అయినా నీకోసం ఏదో చేస్తాలే. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటిదాకా మెషిన్లు ఖాళీగా ఉంటాయి. ఆ గంట వరకూ తెరుస్తాను."

"ఆ గంట చాలు నాయనా" అంది వదిన. "చల్లగా ఉండు."

సోమవారం మేనేజరుతో మాట్లాడి, పార్సిళ్ళ పని మానకుండానే ఆ గంట ప్రూఫులు చూస్తుందని ఒప్పించాడు. ఒక జీతానికి ఇద్దరు మనుషులు దొరికారని మేనేజరు సంతోషించాడు. అతను పెద్ద మెషిన్లో ఆమె పేరు కింద వేళలు కొట్టాడు. ఆ వేళలు ఎలా కావాలంటే అలా కొట్టొచ్చు. రోజంతా అని కొట్టడానికి కూడా అంతే సేపు పడుతుంది.

వదిన ఆ గంటని పిండి పిండి వాడుకుంది. ఒంటిగంట కొట్టేసరికి కుర్చీలో ఉండేది. గొంతుని ఇంకా వేగం పెంచింది. భోజనం ఊసే మరిచిపోయింది. చెల్లెలు కట్టిచ్చిన డబ్బా కట్టినట్టే ఇంటికి వచ్చేది. "అరగట్లేదే" అని చెప్పేది. నెల రోజుల్లో మెడ దగ్గర ఎముకలు తేలాయి.

ఒక రోజు వదిన డబ్బా ఇంట్లోనే మరిచిపోయింది. చెల్లెలు పట్టుకుని మధ్యాహ్నం ముద్రణాలయానికి వచ్చింది. పై అంతస్తులో పద్నాలుగు కుర్చీల్లో పదమూడు ఖాళీ. చివరి దాంట్లో అక్క, చెవులకి హెడ్‌ఫోన్లు, వేళ్ళు పరిగెడుతున్నాయి. పిలిచింది. వినపడలేదు. దగ్గరికి వెళ్ళి నిలబడింది. గోడ గడియారం రెండు కొట్టింది. అక్క వేళ్ళు ఆగిపోయాయి. పదం మధ్యలో గొంతు తెగిపోయిందని చెల్లెలికి ఎలా తెలుస్తుంది? అక్క మొహం మాత్రం చూసింది. దీపం ఊదేసినట్టయింది. హెడ్‌ఫోన్లు తీసి, తీగ చుట్టి, సొరుగులో పెట్టి లేచింది.

"అక్కా."

వదిన ఉలిక్కిపడింది. "నువ్వెప్పుడొచ్చావే?"

"అదేంటి, మధ్యలో లేచావు? ఎక్కడికి?"

"కిందికి. పార్సిళ్ళ గదికి. నా గంట అయిపోయిందిగా." చెల్లెలికి అర్థం కాలేదని గ్రహించి, అప్పుడు చెప్పింది. ఏదీ పెంచలేదు, ఏదీ దాచలేదు. జాబితా, అర్జీలు, నాలుగొందల ప్రతులు, వెనక వాకిలి మెట్టు. ఎలక సంగతి కూడా.

చెల్లెలు అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. అతను తలెత్తాడు.

"ఆ గంట ఎవరు పెట్టారు?"

"రూలు."

"రూలు ఎవరు రాశారు?"

అతను లేచి తలుపు వేశాడు. గొంతు తగ్గించాడు. "అరిస్తే అల్లరవుతుంది. మేనేజరు వస్తాడు. లెక్కల పుస్తకం తుడిచింది నేనని తెలుస్తుంది. ఉద్యోగం పోతుంది, ఇంటద్దె ఎవరిస్తారు? మీ అక్కకి ఆ గంట కూడా ఉండదు. ఆలోచించుకో."

ఆమె ఆలోచించుకుంది. ఎంతసేపో కాదు. గడియారంలో పెద్ద ముల్లు ఒక గీత జరిగేంత సేపు. ఆ కాసేపూ అతను ఆమె మొహం చూస్తూనే ఉన్నాడు. ఆమె ఏమంటుందో అన్న భయం అతనికి లేదు. పదేళ్ళ కాపురంలో ఆమె ఎక్కడ ఆగుతుందో అతనికి తెలుసు.

ఆమె బయటికి వచ్చింది. వదిన అక్కడే కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఉంది. ఆ చెవులకి అద్దం ఒక అడ్డమా? లోపలి మాటలన్నీ విన్నది.

"అక్కా" అంది చెల్లెలు, డబ్బా ఆమె చేతిలో పెడుతూ. "కొన్నాళ్ళు సర్దుకోవే. ఆయన మెల్లిగా చేస్తాడు."

వదిన డబ్బా అందుకుంది. "సరేనమ్మా" అంది.

ఆ వారం దాటకుండానే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. పార్సిళ్ళ గదిలో వాళ్ళకి పనులు అప్పగించి, ఒక రిక్షాలో పెట్టె వేసుకుని, ఉద్యోగినుల హాస్టలుకి వెళ్ళిపోయింది. బైండరు తాత దిగబెట్టి వచ్చాడు. ఆ తరవాత ఆయన పై అంతస్తు మెట్లు ఎక్కలేదు. సిస్టమ్స్ చూసే అతను ఎదురుపడితే జిగురు గిన్నెలోకి చూసేవాడు.

వాడని అకౌంట్లు తీసెయ్యమని మేనేజరు చెప్పాడు. వదిన పేరు మీద మీట నొక్కితే, ఫోల్డరు కూడా తీసెయ్యనా అని మెషిన్ అడిగింది. అందులో పద్దెనిమిదేళ్ళ దిద్దుబాట్ల పట్టీ ఉంది. ఏ అక్షరం దగ్గర ఏ టైపిస్టు చెయ్యి జారుతుంది, ఏ యంత్రం ఏ చుక్కని మింగేస్తుంది, అన్నీ. చదివితే పనికొచ్చేది. అతను ఔనని నొక్కాడు. కొత్త ప్రూఫు మనిషి దొరకలేదు. పుస్తకాలు దిద్దకుండానే వెళ్తున్నాయి. తప్పులున్నాయని బళ్ళ నుంచి ఉత్తరాలు వస్తే మేనేజరు జవాబు చెప్పి రాయించేవాడు, అతనే టైపు చేసేవాడు.

రెండు నెలలకి చెల్లెలు పట్టుబట్టింది, వెళ్ళి చూసొద్దామని. ఆదివారం ఇద్దరూ హాస్టలుకి వెళ్ళారు. ముందు గదిలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి సందర్శన వేళల బోర్డు. వదిన కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చింది. కొంచెం ఒళ్ళు చేసింది. టెలిఫోన్లో వివరాలు చెప్పే ఆఫీసులో పని దొరికిందట. ఎనిమిది గంటలూ ఎవరిదో ఒక గొంతు చెవిలో ఉంటుందట.

"బాగున్నారా?" అంది వదిన అతన్ని.

జీవితంలో మొదటిసారి ఆమె నోట అతనికి 'రు' కలిసింది. అతను "బాగున్నాం వదినా" అన్నాడు.

"సంతోషమండీ. ఎండన పడి వచ్చారు, మంచినీళ్ళు తాగుతారా?" అని చెల్లెలి వైపు తిరిగింది. "మీ దగ్గు తగ్గిందా? మీరు చల్లటివి తాగకూడదు కదూ."

చెల్లెలు కుర్చీ ముందుకి జరుపుకుంది. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి 'ఏమే', 'ఒసే', 'పిచ్చిదానా' తప్ప ఆ నోటి నుంచి ఇంకో పిలుపు ఎరగదు. "అక్కా, నేనే" అంది.

"తెలుసండీ" అంది వదిన.

పావుగంట కూర్చున్నారు. వదిన అడిగిన ప్రతిదానికీ మర్యాదగా జవాబు చెప్పింది. ఒక్క ఎత్తిపొడుపు లేదు. గంట మోగగానే లేచి, "శ్రమపడి వచ్చారు, వెళ్ళి రండి" అని నమస్కారం పెట్టింది. ఈసారి చేతులు సరిగ్గా వాళ్ళ వైపుకే ఉన్నాయి.

బస్సులో చెల్లెలు కిటికీ పక్కన కూర్చుంది. "నన్ను మీరు అంది" అంది. కాసేపాగి మళ్ళీ అదే మాట అంది.

"కోపంలే. నాలుగు రోజులు పోతే అదే తగ్గుతుంది" అన్నాడు అతను.

ఆమె అతని వైపు చూసింది. "కోపమైతే తిట్టేది."

ఇంకా రెండు స్టాపులు ఉండగానే ఆమె లేచి, "నేను నడిచొస్తా" అని దిగిపోయింది. అతను చోటు ఖాళీ అయిందని కిటికీ వైపుకి జరిగి కూర్చున్నాడు. బస్సు కదిలింది.